కొండల్లో ఓవరాయిలింగ్

పటమటలో కరిముల్లా సైకిలు షాపు ఎక్కడని అడిగితే చంటిపిల్లలు కూడా చూపించేవారు. జనమంతా మోటారు సైకిళ్ళకి మారిపోయాక కూడా ఆ షాపు మూతపడలేదంటే అది ఆయన చేతి చలవే. ఆయన బెండు తీసిన చక్రాన్ని ఒకసారి తిప్పి వదిలితే టీ తాగి వచ్చేదాకా తిరుగుతూనే ఉంటుందని చెప్పుకునేవారు. అందులో సగం కోతలే అనుకున్నా, మిగిలిన సగం తక్కువేం కాదు.

ఓవరాయిలింగ్‌కి ఆయన దగ్గర ఒక వరస ఉండేది. సైకిలంతా విప్పి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి బిగించి, ఆఖర్న నూనె గుడ్డతో రిమ్ముల పక్కలు గట్టిగా తుడిచేవాడు. తేమగాలి తగిలే మన ఊళ్ళలో తుప్పుకి అదే మందు. మామూలు సైకిలుకి బ్రేకు రబ్బర్లు రిమ్ముని లోపలి వైపు, చక్రం పుల్లలు దిగే చోట పట్టుకుంటాయి కాబట్టి పక్కలకి ఎంత నూనె రాసినా నష్టం లేదు. పందెం సైకిలు సంగతి వేరు. దాని రబ్బర్లు పట్టుకునేది ఆ పక్కల్నే. ఈ తేడా కరిముల్లాకి తెలియదా అంటే, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ ముప్పయ్యేళ్ళ అలవాటు బుర్రలో ఉండదు, చేతిలో ఉంటుంది.

కంకిపాడు రైతు బసవయ్య కొడుకు నాని పదిహేనో ఏట ఒక పాత పందెం సైకిలు తోసుకుంటూ ఆ షాపుకి వచ్చాడు. బందరు రోడ్డు మీద ఎదురుగాలికి తల వంచి తొక్కుతుంటే లారీవాళ్ళు హారన్ కొట్టి దారిచ్చేవారు. ఆరేళ్ళు తిరిగేసరికి రాష్ట్రం తరఫున పందేలు గెలిచి, దేశం తరఫున ఆడే జట్టుకి ఎంపికయ్యాడు. నాని చక్రాలు చూసి ముచ్చటపడ్డ కోచ్ వాటి మెకానిక్ ఎవరని అడిగాడు. అలా తొంభై ఏడులో, కాలవ వంతెన కంటే ఎత్తయిన దారి మీద సైకిలు తొక్కి ఎరగని ఇద్దరు మనుషులు కిర్గిజిస్తాన్ కొండల్లో శిక్షణకి విమానమెక్కారు.

అక్కడ ఆరుగురు కుర్రాళ్ళకీ ఒక్కడే మెకానిక్. ఎక్కుడులో నాని ముందుండేవాడు. దిగుడులో మాత్రం వెనకబడేవాడు.

"ఎక్కేది ఊపిరితో బాబాయ్, దిగేది నమ్మకంతో. అదీ వస్తుందిలే," అనేవాడు నవ్వుతూ.

పన్నెండో రోజు రోజంతా మంచువాన కురిసింది. సాయంత్రానికి ఆరు సైకిళ్ళూ బురదముద్దలై వచ్చాయి. కరిముల్లా వేళ్ళు కొంకర్లు పోతున్నా అన్నీ విప్పి కడిగి బిగించాడు. ఆఖరిది నానిది. అలసటలో ఎక్కడున్నాడో మరిచిపోయాడో ఏమో, పటమటలో ఉన్నట్టే నూనె గుడ్డ అందుకుని రెండు రిమ్ములూ తుడిచి, తృప్తిగా గోడకి ఆనించాడు.

మర్నాడు దిగుడు. మొదటి రెండు మలుపుల్లో వాలు తక్కువ, బ్రేకుతో పనిపడలేదు. మూడో మలుపులో నాని తిరగలేదు, నేరుగా రాళ్ళ మీదికి వెళ్ళిపోయాడు. తొడ ఎముక విరిగింది. వెనక వ్యానులోంచి దూకిన కరిముల్లా సైకిలు లేవదీయబోతే బొటనవేలు రిమ్ము మీద జర్రున జారింది. రాత్రి అందుకున్న నూనె గుడ్డ అప్పుడు గుర్తొచ్చింది.

"బ్రేకులు చూశావా?" అని అరిచాడు కోచ్.

"రబ్బర్లు కొత్తవే సార్, తీగలూ బాగానే ఉన్నాయి," అన్నాడు కరిముల్లా. ప్రతి ముక్కా నిజమే. అంత దొంగమాట ఆయన జన్మలో ఆడలేదు. అందరూ నాని చుట్టూ మూగినప్పుడు చొక్కా కొసతో రిమ్ములు శుభ్రంగా తుడిచేశాడు.

ఆసుపత్రిలో నాని మెల్లగా అన్నాడు. "నొక్కాననే అనుకున్నా బాబాయ్. భయానికి చేతులు పనిచెయ్యలేదేమో."

"పోన్లేరా, ప్రాణం దక్కింది," అన్నాడు కరిముల్లా.

చదును నేల మనిషి, దిగుడుకి ధైర్యం చాలదని కోచ్ కాగితం మీద రాసేశాడు. కరిముల్లా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఎముక అతుక్కుంటే కుర్రాడు మళ్ళీ ఎక్కుతాడు, ఇక చెప్పి ఏం లాభం అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. మంచివాడే, కానీ చేతికున్న పేరంటే ప్రాణం. అలాంటి మంచితనం తగలబడనూ!

నాని మాత్రం మళ్ళీ పందెం సైకిలు ఎక్కలేదు. కంకిపాడులో ఎరువుల కొట్లో గుమస్తాగా చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు. బసవయ్య పోయేదాకా "మావాడికి గుండె చాల్లేదండీ" అని పదిమందిలో అంటూనే ఉన్నాడు. ఆ మాట చెవిన పడ్డ రోజు కరిముల్లాకి ముద్ద దిగేది కాదు. చెబుదామని రెండుసార్లు కంకిపాడు బస్సెక్కి కూడా, మధ్యలో దిగి వెనక్కి వచ్చేశాడు.

రెండువేల ఆరులో నాని ఆరేళ్ళ కూతురు మనోజ్ఞనీ, ఒక చిన్న సైకిలునీ వెంటబెట్టుకుని షాపుకి వచ్చాడు.

"దీనికి నువ్వే నేర్పాలి బాబాయ్. నేను పట్టుకుంటే నా చేతులే వణుకుతున్నాయి. నా పిరికితనం దీనికి అంటకూడదు."

కరిముల్లా చేతిలోని పానా కింద పెట్టాడు. ఇక ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు.

"నువ్వు పిరికివాడివి కాదురా నాని. నువ్వు నొక్కావు. బ్రేకే పట్టలేదు. రిమ్ములకి నూనె రాసింది నేను. నువ్వు పడ్డాక తుడిచేసిందీ నేనే."

నాని తిడతాడని, కొడతాడని, కనీసం ఏడుస్తాడని కరిముల్లా ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నూనెదేముంది బాబాయ్, ఎవరి చెయ్యయినా పొరపాటు పడుద్ది," అన్నాడు చివరికి. "ఎనిమిది నెలలకే ఎముక అతుక్కుంది. డాక్టరు ఎక్కమనే చెప్పాడు. నా చేతుల మీద నాకు నమ్మకం లేకే ఎక్కలా. ఈ ముక్క ఆ ఏడే చెప్పుంటే ఎక్కేవాణ్ణి కదా."

నాని పిల్ల చెయ్యి పట్టుకుని బస్టాపు వైపు నడిచాడు. చిన్న సైకిలు షాపులోనే ఉండిపోయింది. దానికోసం మళ్ళీ ఎవరూ రాలేదు.