చామంతులకు కట్టిన కర్రలు

తెనాలిలో మా డాబా మీద కుండీల్లో చామంతి కొసలు గిల్లిన రోజున వేళ్లకు పట్టిన ఆ ఘాటు ఆకు వాసన సబ్బుతో రెండుసార్లు కడిగినా పోదు. ఎవరికైనా ఆ వాసనకి పండగలు గుర్తుకొస్తాయేమో, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

మా మేనత్త సుగుణమ్మ భట్టిప్రోలు దగ్గర మేం చదివిన బళ్లో ఆయా. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే గదులు ఊడ్చి, కుండల్లో నీళ్లు నింపి, బెల్లు కొట్టి, ఆ పైన వరండా ముందు తను వేసిన చామంతి మళ్ల దగ్గర కూర్చునేది. తొలకరి పడగానే పోయినేటి పిలకలు విడదీసి ఎండ తగిలే చోటే నాటేది, జానెడు ఎదగ్గానే కొసలు గిల్లేది, నెల తిరిగాక మళ్లీ గిల్లేది. పాపం కదత్తా అంటే, పైకి పోనిస్తే పూల బరువుకి నడుం వాల్చేస్తదమ్మా, గిల్లితే పక్కలకి విచ్చుకుని తన కాళ్ల మీద తను నిలబడుద్ది అనేది. దసరా సెలవులయ్యాక కాలవగట్టు నుంచి జీలుగు కర్రలు కోసుకొచ్చి, మొక్కకొకటి పాతి, తడిపిన అరటినారతో కాడ ఒరుసుకోకుండా వదులుగా ముడి వేసేది. ఆ ముడి నాకూ నేర్పింది. రేపల్లె బస్సు ఆగే చోట కొనుక్కొచ్చిన తేగలు చీల్చుకుని నములుతూ, పొలాల మీద నుంచి వచ్చే పాలకంకుల వాసన పీలుస్తూ మేం మొగ్గలు చూసుకునేవాళ్లం. క్రిస్మస్‌కి మా లూథరన్ చర్చికి ఆ పూలే వెళ్లేవి, ఆ వారమంతా ఇంట్లో అరిసెల పాకం వాసన, అత్త చేతుల చామంతి వాసన కలిసిపోయి ఉండేవి.

నేను ఏడో తరగతిలో ఉండగా కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిశాక, మొక్కలు పొట్టిగా ఉన్నాయని మళ్లలో యూరియా చల్లించాడు. కాడలు మెత్తబడిపోతాయండి, నిలవవండి అని అత్త చెప్పబోతే, నాకే నేర్పుతున్నావా అన్నాడు. మొక్కలు ఏపుగా, నిగనిగలాడుతూ లేచాయి. తనిఖీ ముందు రోజు అత్త మంచినీళ్లకి వెళ్లినప్పుడు, ఆ కర్రలు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని మా తరగతి ఆడపిల్లల్ని పిలిచి అన్నీ పీకించాడు. ఆ ముడి విప్పడం నాకే బాగా వచ్చు కాబట్టి, అందరికంటే ఎక్కువ నేనే పీకాను. తిరిగొచ్చిన అత్త బతిమాలినా మళ్లీ పాతనివ్వలేదు.

తెల్లవారుజామున వాన కొట్టింది. మేం బడికి వెళ్లేసరికి ఒక్క మొక్క నిలబడి లేదు, పసుపు పూలన్నీ బురదలో మొహాలు పెట్టుకుని ఉన్నాయి. జీపు దిగిన అధికారి ఇదేంటని అడిగితే, హెడ్మాస్టరు అత్తని పిలిచి అందరి ముందూ, మొక్కకి కర్ర కట్టడం కూడా రాని మనిషి సార్ ఈవిడ అన్నాడు.

"కట్టానండి. సారే పీకించారు. పిల్లల్ని అడగండి," అంది అత్త.

అధికారి మా వరసల వైపు తిరిగాడు. ఆయన వెనక హెడ్మాస్టరు మమ్మల్నే చూస్తున్నాడు. ఒక్కరం కూడా నోరు విప్పలేదు. నేను నా కాళ్ల వంక చూసుకుంటూ నిలబడ్డాను.

ఆ వారంలోనే అత్తని రావద్దన్నారు. ఆ తర్వాత దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలికి వెళ్లింది. ఎన్నేళ్లో అలా వెళ్లింది. ఒక్కసారి మాత్రం అడిగింది నన్ను, అన్నం పెడుతూ, మామూలుగానే.

"సారు పీకమంటే పీకావు, చిన్నపిల్లవి, సరే. ఆ ఆఫీసరు అడిగినప్పుడు నోరెందుకు రాలేదమ్మా?"

నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

పోయిన నెల బాపట్లలో ఒక హాలు తీసుకుని పాత విద్యార్థులు ఆ హెడ్మాస్టరుకి సన్మానం చేశారు. బీడుగా ఉన్న బడిని పూలతోట చేసిన మహానుభావుడని ఒకాయన మైకులో చెబుతుంటే, ముసలాయన తల ఊపుతూ, చిరునవ్వుతో వింటున్నాడు. నేను వేదిక ఎక్కి మైకు అడిగి తీసుకున్నాను. ఆ తోట మా అత్త సుగుణమ్మ వేసిందని, యూరియా ఎవరు చల్లించారో, కర్రలు ఎవరు పీకించారో, పీకిన చేతులు నావేనని, కూలిపోయిన మొక్కల్ని చూపించి ఆవిణ్ణి ఎలా పంపేశారో అంతా చెప్పాను. ఆయన శాలువా సర్దుకుంటూ పక్కకి చూశాడు. నాతో చదివిన ఒకామె దగ్గరికొచ్చి, పెద్దాయన కదా, ఇప్పుడెందుకే ఇవన్నీ అంది.

"అప్పుడు చెప్పలేదు కాబట్టి," అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బడి దగ్గర ఆగాను. వరండా ముందంతా సిమెంటు పలకలు పరిచేశారు, మట్టి అన్నదే కనబడదు, గేటు పక్కన ప్లాస్టిక్ పూలకుండీలు రెండు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఆ హాల్లో నేను చెప్పిన మాట రెండొందల మంది విన్నారు. వినాల్సిన మనిషి పోయి ఆరేళ్లయింది.