విలై బాలింత పథ్యం

మెకాంగ్ నది ఒడ్డున మా ఊళ్ళో విలైవన్ అంత, మా విలై అంత, తిండిపుష్టి ఉన్న పిల్ల ఇంకొకతె లేదు. తన పెళ్ళిలో తనే సిగ్గు లేకుండా ముగ్గురి వాటా పంది కూర లాగించింది. అలాంటి పిల్లని పథ్యం తినేసింది.

కాన్పయితే మా దగ్గర బాలింతని నెగడు పక్కన పడుకోబెడతారు. నానబెట్టిన నీళ్ళు పారబోసి ఆవిరి మీద వండిన జిగురన్నం, వేయించిన ఉప్పు, కాస్త అల్లం, అంతే. ఇంకేం పెట్టరు. విలై తల్లి ఖాంఫోంగ్ ఈ విషయంలో మరీ చండశాసనురాలు. కూతురంటే ప్రాణం మరి.

తొలిచూలు పిల్లాడు మూడో నెలలో గొంతు పోయి, చప్పుడు లేకుండా ఏడ్చి ఏడ్చి పోయాడు.

"ఏం తిన్నావే? నిజం చెప్పు," అంది ఖాంఫోంగ్.

దొంగతనంగా ఒక్క మాంసం ముక్క తిన్నానని విలై ఒప్పుకుంది. దాంతో రెండో కాన్పుకి పథ్యం ఇంకా బిగిసింది. ఆ ఆడపిల్లా అలాగే పోయింది.

అప్పుడు పక్కింటిదాన్ని, నేనే విలైని పట్నం ఆసుపత్రికి లాక్కెళ్ళాను. నర్సు అంతా విని, "నీ పాలల్లో బి1 విటమిన్ లేదమ్మా. పంది మాంసం, వేరుశనగలు, చిక్కుడు గింజలు రోజూ తిని ఉంటే పిల్లలు దక్కేవాళ్ళు," అంది.  తిరిగొస్తుంటే ఇంటి మలుపులో విలై నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి చెప్పకక్కా," అంది.

ఇప్పుడు మూడో కాన్పు. ఖాంఫోంగ్ నెగడు దగ్గర్నుంచి కదలదు. నిన్న ఆమె నీళ్ళకి వెళ్ళిన సందు చూసి, ఉడికించిన వేరుశనగలు విలై చేతిలో పోశాను. నోట్లో వేసుకుని నమిలింది. అంతలోనే బూడిదలో ఉమ్మేసింది.

"నర్సు మాట తప్పయితే? ఆ ముక్క తిన్నాకే కదక్కా మొదటివాడు పోయాడు."

నాకు ఒళ్ళు మండింది. "మరి రెండోది ఎందుకు పోయిందే? దానప్పుడు ఏం తిన్నావని? మీ అమ్మకి నేనే చెప్తాను."

"చెప్తే, ఆ ఇద్దర్నీ తన చేత్తోనే పోగొట్టుకున్నానని తెలిసిపోతుంది. అమ్మ బతకదు."

"ఇది బతకొద్దా?"

ఒళ్ళో బిడ్డ ఇంకా గట్టిగానే ఏడుస్తోంది. విలై దాన్ని రొమ్ముకి హత్తుకుంది. 

ఖాంఫోంగ్ వచ్చి చేతులు కడుక్కుని, అన్నం ముద్ద చేసి కూతురి నోటి దగ్గర పెట్టింది.

"ఈసారి అల్లం కూడా మానేశానే తల్లీ. ఇంక బిడ్డకి ఏ దోషమూ తగలదు," అంది.

విలై నోరు తెరిచి ముద్ద అందుకుంది.