రెండుసార్లే పిలిచిన గొంతు

"వస్తున్నానమ్మా!"

కేబిన్ వెనకనుంచి మా అమ్మాయి హాసీ గొంతు. నేను పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్నాను. గరిటె అలాగే చేతిలో ఉండిపోయింది. నేను దాన్ని పిలవలేదు.

ఏదో ముప్పు ఉందని నాకు మొదటిసారి తెలిసిన క్షణం అదే. దాన్ని భయం అనలేను. ఇంట్లో అందరం ఉండగా, బయటనుంచి ఎవరో మన తలుపు తాళం తీస్తున్న చప్పుడు వినిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. గుంటూరులో జువాలజీ చదివాను. మా నాన్న కాలేజీలో పాఠాలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో వాక్యం చదివేవారు. ఈ రెండు చోట్లా దయ్యాలకు పని లేదనేవారు. ఒక్క మా అమ్మమ్మ మాత్రం వేరు. తలగడ కింద బైబిలు పెట్టుకుని పడుకునే మనిషే, పొద్దుగూకాక ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చప్పున పలికేది కాదు. మూడో పిలుపు విన్నాకే "ఆ, ఎవరూ?" అనేది. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు, మనిషి కానిది రెండుసార్లు పిలిచి ఆగిపోతుంది అని ఆవిడ లెక్క. మేం పిల్లలం కావాలనే రెండుసార్లు పిలిచి ఊరుకుని, ఆవిడను ఏడిపించేవాళ్ళం.

ఎనభైల మొదట్లో మావారు ఆరిజోనాలో అడవుల గురించి చదువుకుంటుండగా, ఒక వేసవికి కొండల మీది పార్కులో రేంజర్ ఉద్యోగం దొరికింది. కారు వెళ్ళే రోడ్డు ఆగిపోయాక ఇంకా చాలా దూరం లోపలికి నడవాలి. నడిచివచ్చే క్యాంపర్లు తప్ప అక్కడ ఎవరూ ఉండరు. మా బియ్యం, కందిపప్పు, ఆవకాయ జాడీ, పిల్లవాడి డైపర్లు అన్నీ కంచరగాడిదల మీద వచ్చాయి. అప్పుడు హాసీకి ఆరేళ్ళు, బాబీకి ఇంకా మూడు నిండలేదు.

మావారు బాటలు చూడడానికి వెళ్ళినప్పుడు రేడియో దగ్గర కూర్చోవడం నా పని. జీతం లేదు గానీ, ఒక ఖాకీ చొక్కా ఇచ్చారు. క్యాంపర్ల పిల్లలను మెట్ల మీద కూర్చోబెట్టి, అడవిలో తప్పిపోతే ఏం చేయాలో కూడా నేనే చెప్పేదాన్ని. ఉన్నచోటే ఆగాలి. ఒక చెట్టును పట్టుకోవాలి. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, మొదటి పిలుపుకే గట్టిగా పలకాలి. భయపడి పలకని పిల్లలను పక్కనే ఉన్నా కనుక్కోలేమని పార్కువాళ్ళు నాకు నేర్పారు.

మా పిల్లలకు దాన్ని ఆటలా నేర్పాను. మొదటి పిలుపుకే పలికితే ఒక ఎండుద్రాక్ష. అమ్మమ్మ మాట నాకప్పుడు గుర్తే రాలేదు. వచ్చినా నవ్వుకునేదాన్నేమో.

పప్పు కలుపుతున్న ఆ సాయంత్రం, నేను గరిటెతోనే బయటకు పరుగెత్తేసరికి హాసీ కట్టెల మోపు దాటి ఆస్పెన్ చెట్ల వైపు నడుస్తోంది. వెళ్ళి భుజం పట్టుకున్నాను.

"ఎక్కడికే?"

"నువ్వే కాల్ చేశావ్ కదమ్మా, అక్కడ నుంచి." చెట్ల వైపు చూపించింది. నా చేతిలో గరిటెను, నా మొహాన్ని మార్చిమార్చి చూసింది. "నువ్వు ఫాస్ట్‌గా వచ్చేశావ్!" అని నవ్వింది.

ఆ చెట్ల వెనక రాతిగోడ ఉంది. ప్రతిధ్వని అనుకున్నాను. నిలబడి గట్టిగా "హాసీ" అని అరిచి చూశాను. ఏమీ తిరిగి రాలేదు.

మావారు వచ్చాక చెబితే నవ్వేశారు. "నువ్వు రోజంతా పిల్లల్ని పిలుస్తూనే ఉంటావు సరోజా. కొండలకు కూడా కంఠతా వచ్చేసుంటుంది."

"తమాషా కాదండీ. అది నడిచి వెళ్ళిపోతోంది."

"సరే, హ్యాంక్‌ని అడుగుదాం."

హ్యాంక్ దిగువ స్టేషన్‌లో ఉండే సీనియర్ రేంజర్. మేమిద్దరం రేడియోలో తెలుగులో మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి, మీ భాషలో వాన కబురు కూడా పాటలా ఉంటుందని ఆటపట్టించేవాడు. నీలిరంగు జే పిట్టలు డేగ కూతను, పిల్లి అరుపును కూడా అనుకరిస్తాయని అతను చెప్పాడు. అది నిజమే, నేనూ చదివాను. నాకు ప్రాణం కుదుటపడింది. హాసీకి మాత్రం కట్టెల మోపు దాటకూడదని గీత గీశాను.

జూలైలో అక్కడా వానలు మొదలవుతాయి. పొద్దున ఎండ కాస్తుంది, మధ్యాహ్నానికి కొండ నల్లబడుతుంది. ఆస్పెన్ చెట్ల అవతల ఒక ఎండిన వాగు ఉంది. పైన ఎక్కడో వాన పడితే, మన నెత్తిన చుక్క పడకముందే అందులో నీళ్ళు వచ్చేస్తాయి. అందుకే పైన ఉన్న మావారు వాన చూడగానే రేడియోలో చెప్పేవారు, నేను వాగు దగ్గర ఎవరైనా డేరా వేసుకుంటే లేపేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం బాబీ జ్వరంతో లోపల నిద్రపోతున్నాడు. హాసీ వరండాలో రంగులు వేసుకుంటోంది. నేను రేడియో మైకు బటన్ నొక్కి, వాగు దగ్గర డేరాలేమీ లేవని మావారికి చెబుతున్నాను. నా మాట ఇంకా పూర్తికాలేదు.

బయటనుంచి నా గొంతు వినిపించింది.

"హాసీ! తమ్ముడు లేచాడు, రా నాన్నా."

అది పిట్ట కూత కాదు. నేను అనే "నాన్నా". చివర్లో నేను సాగదీసే సాగదీత. ఆ మాటలు నేను ఆ రోజు అనలేదు. బాబీ లేవలేదు కూడా.

బటన్ మీద నా వేలు అలాగే ఉంది. వదిలాక రేడియోలోంచి మావారి గొంతు వచ్చింది. "మధ్యలో హాసీని ఎందుకు పిలుస్తున్నావు? వాడు లేచాడా?"

"వస్తున్నానమ్మా!" అని హాసీ. ఆ వెంటనే మెట్లు దిగిన చప్పుడు.

నేను వరండాలోకి వచ్చేసరికి రంగు పెన్సిళ్ళు మాత్రమే ఉన్నాయి. బాబీని ఒక్కడినే వదలాలి. లోపలున్న వాడిని అది పిలిస్తే? తలుపుకు బయటనుంచి గొళ్ళెం పెట్టి పరుగెత్తాను.

చెట్లలోకి వెళ్ళాక దారి తెలియలేదు. పైనుంచి ఉరుముతోంది. ఉరుము ఆగినా కింద ఇంకో మోత ఆగడం లేదు. అది వాగు అని అర్థమైంది.

"హాసీ!" అన్నాను.

"హాసీ!" ఎడమవైపు, వాగు ఉన్న దిక్కునుంచి, నా గొంతే.

హాసీకి నేర్పింది నేనే కదా, పిలిస్తే పలకమని, పిలుపు వైపు చూడమని. ఇప్పుడు నేను పిలిస్తే ఆ గొంతూ పిలుస్తుంది. ఏది అమ్మో ఆరేళ్ళ పిల్లకు ఎలా తెలుస్తుంది? నా దగ్గర నా గొంతు తప్ప ఏముంది?

మళ్ళీ పిలిచాను. మళ్ళీ అటునుంచి పిలుపు, ఈసారి ఇంకా ముద్దుగా.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మమ్మ, మంచం మీద కూర్చుని తల పక్కకు వంచి మూడో పిలుపు కోసం వినడం. ఏ నమ్మకంతోనో తెలియదు, ఉన్న ఊపిరంతా పెట్టి మూడోసారి పిలిచాను.

అటువైపు నిశ్శబ్దం. వాగు మోత ఒక్కటే.

మరోసారి పిలిచాను. ఇంకోసారి. ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. గొంతు బొంగురుపోయింది, నా గొంతులా కూడా లేదు.

"ఇక్కడమ్మా!"

హాసీ వాగు గట్టునే ఉంది. ఒక తెల్లటి ఆస్పెన్ మానును రెండు చేతులా కౌగిలించుకుని ఉంది. దాని వెనక, రెండడుగుల కింద, ఎర్రమట్టి నీళ్ళు దుంగలను దొర్లించుకుంటూ పోతున్నాయి. ఎత్తుకున్నాను. నా మెడ దగ్గర మొహం దాచుకుని మామూలుగా చెప్పింది.

"అక్కడ ఉన్న అమ్మ టూ టైమ్సే పిలిచిందమ్మా. నువ్వు స్టాప్ చెయ్యలేదు. అందుకే ట్రీ పట్టుకుని నీకు చెప్పా."

"అక్కడంటే ఎక్కడ?"

నీళ్ళ అవతలి గట్టు చూపించింది. అక్కడ ఎవరూ లేరు.

కేబిన్‌కు వచ్చేసరికి గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. బాబీ నిద్రలోనే ఉన్నాడు.

చీకటి పడకముందే మావారు, హ్యాంక్ వచ్చారు. అవతలి గట్టు అంతా చూశారు. వాన తర్వాత మట్టిలో జింక కాలిజాడలు తప్ప ఏమీ లేవు. లోయల్లో శబ్దం ఎటునుంచి ఎటు పోతుందో చెప్పలేమన్నాడు హ్యాంక్. ఆ సాయంత్రం అతను ఒక్క జోకూ వేయలేదు.

మావారు ఈ రోజుకీ ఒకటే మాట అంటారు. "నువ్వే పిలిచావు సరోజా. నేను రేడియోలో విన్నాను కదా." అబద్ధం చెప్పే మనిషి కాదాయన. అందుకే కొన్ని రాత్రులు నాకు నిద్ర పట్టదు. బయటనుంచి వచ్చిన గొంతు మైకులో పడిందా, లేక నా నోరే నాకు తెలియకుండా ఆ మాటలు అందా? మొదటిదైతే అది ఏమిటో తెలియదు. రెండోదైతే, నా బిడ్డను వాగులోకి పిలిచింది ఎవరు?

ఇది జరిగి ఐదేళ్ళయింది. ఇప్పుడు ఆరిజోనాలోనే, చాండ్లర్ అనే ఊళ్ళో సొంత ఇంట్లో ఉంటున్నాం. చుట్టూ ఎడారి, వాగులు లేవు. పిల్లలు పై గదుల్లో నిద్రపోతున్నారు, నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. భోజనానికి రమ్మని కింది నుంచి కేక వేయను. మెట్లెక్కి వెళ్ళి, భుజం తట్టి పిలుస్తాను. మా ఇంటికి వచ్చే ఆంటీలు నవ్వుతారు, నవ్వనీ.

ఆ వేసవిలో, వాగు వచ్చిన మర్నాడు పొద్దున, పిల్లలిద్దరినీ కేబిన్ మెట్ల మీద కూర్చోబెట్టాను. క్యాంపర్ల పిల్లలకు పాఠం చెప్పే మెట్లే. ఖాకీ చొక్కా వేసుకోలేదు.

"ఇకనుంచి ఎవరు పిలిచినా, నేను పిలిచినా సరే, మూడోసారి పిలిచేదాకా పలకొద్దు" అన్నాను.

హాసీ అడిగింది. "ఇది రేంజర్ రూలా అమ్మా?"

"కాదు. మా అమ్మమ్మ రూలు."

"మరి, అది కూడా త్రీ టైమ్స్ పిలవడం నేర్చుకుంటే?"

పిల్లలిద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"అప్పుడు అసలు పలకొద్దు" అన్నాను. "ఉన్నచోటే ఉండండి. నేనైతే పిలిచి ఊరుకోను. వచ్చి చెయ్యి పట్టుకుంటాను."