పైడమ్మక్క పోల్చిన బొమ్మ

గోడకు కొత్తగా వేసిన రంగు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు పైడమ్మక్క గొంతు వినిపిస్తుంది. కౌలాలంపూర్‌లోని మా గ్యాలరీలో బొమ్మలు గోడకెక్కించే పనంతా ఆవిడ చేతిమీదే నడిచేది. పుట్టింది బటాంగ్ బెర్జుంటై అనే ఊరి తోటల్లో, వలస వచ్చిన తెలుగు కూలీల ఇంట; చదివింది ఆరో తరగతి. నేనేమో డిగ్రీ పట్టుకుని, మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్న షరతుమీద చేరినదాన్ని. ఎవరికి గర్వం ఎక్కువో చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది ఆఫ్రికా దేశాల చిత్రకారులు కలిసి మా దగ్గర ప్రదర్శన పెట్టారు. తామెవరు, ఎలా ఎదుగుతున్నారు అన్నదే వాళ్ల బొమ్మలన్నిటి అంశం. వాటి పక్కన పెట్టే పరిచయాలు రాయడం నా వంతు. అవి బాగుంటేనే ఉద్యోగం ఖాయమని గ్యాలరీ పెద్దసారు ముందే చెప్పారు. ఘనా నుంచి వచ్చిన అకోసువా చిత్రంలో ఒక ముసలమ్మ ఒళ్లో ఎర్రగా, నల్లగా, ముళ్లతో ఏదో ముద్ద ఉంది. అది చరిత్ర చేసిన గాయమనీ, గడ్డకట్టిన జ్ఞాపకమనీ తెగ రాసేశాను. నా రాత చూసి నాకే ముచ్చటేసింది.

"ఏటి రాసినావమ్మీ? సదువు," అంది పైడమ్మక్క నిచ్చెన మీద నుంచి. తెలుగులో చెప్పాను. నవ్వాపుకోలేక కిందికి దిగి, మలేషియా వాళ్ల అలవాటుగా మాట చివర "లా" తగిలించింది. "గాయమేటి లా! పామాయిలు గెల గదా అది! నువ్వెప్పుడూ సూడనేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. తాత గుమస్తాగా పనిచేసిన పామాయిలు తోట పక్కనే పెరిగినదాన్ని మరి. కాగితం చించబోతే చెయ్యి పట్టుకుంది. "సించీసి ఏటి సేస్తావు? ఆ బొమ్మేసిన పిల్ల అక్కడే ఉంది, ఎల్లి అడుగు." అడిగితే నా తెలివి బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. అయినా ఆవిడ తోడొచ్చిందన్న ధైర్యంతో వెళ్లాను.

అకోసువా నా రాత చదివి పకపకా నవ్వింది. "మా అమ్మమ్మ పులుసుకి పళ్లు ఒలుస్తోంది, అంతే. ఈ చెట్టు పుట్టిల్లు మా వైపే," అంది. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే పైడమ్మక్క కళ్లు పెద్దవయ్యాయి. "అయితే ఇదీ మనలాగే ఓడెక్కి వచ్చినాదా!" అంటూ నేలమీద గొంతుక్కూర్చుని, రాలిన పళ్లు ఏరి గోనెలో ఎలా పోసేదో చేసి చూపించింది. అకోసువా పక్కనే కూర్చుని, వాటిని రోట్లో దంచడం చూపించింది. నేను అనువదించడం మానేసి, ఒళ్లు మరిచి నవ్వుతూ నిలబడ్డాను. అంత సంతోషం ఆ గదిలో మళ్లీ చూడలేదు.

పెద్దసారు దగ్గరికి పాత కాగితమూ, కొత్తగా రాసిన ఇంకోటీ నేనే పట్టుకెళ్లాను. రెండోదానిలో అమ్మమ్మ పులుసు గురించి ఒక వాక్యం, ఓడెక్కి వచ్చిన చెట్టు గురించి ఒక వాక్యం, కింద పైడమ్మక్క పేరు. ఆయన మొదటిది చదివి తలూపారు. రెండోది చదివి, లేచి బొమ్మ దగ్గరికి వెళ్లారు.

గోడమీద రెండోదే పెట్టారు, నా ఉద్యోగమూ నిలిచింది. పైడమ్మక్క పని మానేసి చాలా కాలమైంది. కానీ ఏ బొమ్మ గురించైనా రాసేముందు, దాన్ని మోసుకొచ్చిన వాళ్లని ఆపి, "మీకేం కనిపిస్తోంది?" అని అడుగుతాను. వాళ్లు చెప్పాకే కలం తీస్తాను.