గంగనాలుక మీద పుచ్చతోట

కిందటి వారం మా పక్కింటివాళ్లు బోరు వేయించారు. రిటైరైన మనిషికి మిగిలిన సుఖం మధ్యాహ్నపు నిద్ర ఒక్కటే, ఆ మోతకు అదీ పోయిందని విసుక్కుంటూ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదట బూడిదరంగు రాతిపొడి వచ్చింది, చాలాసేపటికి నల్లటి నీళ్లు వచ్చాయి, ఆ వెనుక ఎవరూ అనుకోనిది వచ్చింది, సన్నటి తెల్లటి ఏటి ఇసుక. బోరు బండివాళ్లు మొహాలు చూసుకుని మిషను ఆపేశారు. గోదావరి ఎక్కడో ఉంటే ఇంత లోతులో ఏటి ఇసుక ఏమిటని పక్కింటాయన నన్ను అడిగాడు. పిడికెడు తీసుకుని అరచేతిలో పరిచి చూశాను. అందులో ఆల్చిప్ప ముక్క ఒకటి తళుక్కుమంది, అంతే, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ప్రమాణం చేసి చెప్పలేను గాని, ఆ ఇసుక మా అక్క పుచ్చతోటదే.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర లేదు, గోదావరిఖని ఇంకా ఊరు కాని రోజుల్లో, తుమ్మచెట్ల మధ్య అక్కడొక గని ఇక్కడొక గని తవ్వుతున్న రోజుల్లో, మా వాగు గోదావరిలో కలిసేచోట ఏటి నడుమకు పొడుగ్గా చొచ్చుకుపోయిన ఇసుక మేట ఒకటి ఉండేది. మావైపు గోదావరిని గంగ అనే అంటారు కనుక ఆ మేటను గంగనాలుక అనేవారు. వానాకాలం నది నోరు మూసుకున్నట్లు అది మునిగిపోయేది, దసరా దాటాక కొద్దికొద్దిగా బయటపడేది, ఏటా ఒకే తీరున ఉండేది కాదు, ఒక ఏడు సన్నగా, ఒక ఏడు కొన వంకర తిరిగి. చలికాలంలో ఏవో తెల్లపిట్టలు వచ్చి నీళ్ల మీద ఈల వేసినట్లు అరుస్తూ చేపలు పట్టుకునేవి, ఎండలు ముదరకముందే వట్టి ఇసుకలో గుడ్లు పెట్టేవి, ఆ గుడ్లు కూడా ఇసుక రంగులోనే ఉండడంతో మేము కాలు తీసి కాలు వేయడానికి భయపడేవాళ్లం. తాబేళ్లు పొద్దున ఎండకు వరసగా పడుకునేవి. నీరుకుక్కలు వలలు చింపుతాయని బెస్తవాళ్లు తిట్టిపోసేవారు, మళ్లీ వాటి పిల్లలు కనబడితే చూడమని మమ్మల్ని పిలిచేవారు. చనిపోయినవాళ్ల బూడిద కలిపేదీ అక్కడే. వలలు ఆరేసేదీ, బట్టలు పిండేదీ, పెళ్లి మాటలు మాట్లాడుకునేదీ అక్కడే. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో చోటు కట్టుకున్నాం, ఏ చోటికి పోవాలన్నా ఆటో కావాలి.

ఆ నాలుక కొన మీద మా అమ్మ తరం నుంచి పుచ్చతోట. సంక్రాంతి వెళ్లాక ఇసుకలో తేమ తగిలేదాకా గుంతలు తవ్వి, పెంట ఎరువు వేసి, గింజలు నాటి, చెలిమెలు తోడి కుండలతో నీళ్లు పోయాలి. పట్టా లేదు, హద్దురాళ్లు లేవు, నిరుడు మన గుంతలు ఎక్కడున్నాయో ఈ ఏడు గంగకే తెలియదు, అయినా ఎవరి చోటు ఎవరిదో అందరికీ తెలుసు. మొదట పండిన కాయ మాత్రం మేము తినేది కాదు, పసుపు రాసి నీళ్లలో వదిలేవాళ్లం. అది మునుగుతూ తేలుతూ పోతుంటే కనుచూపు మేర చూసి వెనక్కి తిరిగేవాళ్లం. అమ్మ పోయాక ఆ తోట అక్కది అయింది. అక్క కాయను కోసి చూసే రకం కాదు, వంగి వేలితో కొట్టి వినేది. ఖంగుమంటే పచ్చిది, డొల్లగా మోగితే పండింది.

బావ గనిలో పనిచేసేవాడు. పెళ్లయిన కొత్తలోనే ఊరు వదిలి కంపెనీ ఇచ్చిన ఒంటిగది క్వార్టరుకు వచ్చారు, నేనూ వాళ్ల దగ్గరే ఉండేవాణ్ని. బావ డ్యూటీ రోజూ బొగ్గు తీసిన చోట పైకప్పును, గనివాళ్లు అనే రూఫును, కర్రతో కొట్టి వినడంతోనే మొదలయ్యేది. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఖంగుమంటే రూఫు గట్టిగా ఉన్నట్లు, డొల్లగా మోగితే పైన బండ విడిపోయినట్లు. అక్క కాయ కొట్టినప్పుడల్లా బావ పక్కన కూర్చుని ఆట పట్టించేవాడు.

“నువ్వు ఏ సప్పుడుకు నవ్వుతవో, నేను గా సప్పుడుకే ఉరుకుత.”

అక్క మాత్రం నవ్వకుండా ఇంకో కాయ మీదికి వంగేది. వాళ్లిద్దరి సంసారం గురించి నన్నెవరైనా అడిగితే ఇది తప్ప నాకు వేరే ఏమీ గుర్తు రాదు, కాపురమంతా ఆ ఒక్క పరాచికం మీదనే నడిచినట్లు అనిపిస్తుంది.

బొగ్గు తీసిన చోటు ఖాళీగా వదిలేస్తే పైనున్నదంతా కూలుతుంది కనుక అక్కడ ఇసుక నింపాలి. ఇసుకను జల్లెడ పట్టి, నీళ్లతో కలిపి పైపుల్లో కిందికి వదిలితే, గనిలో కట్టిన వెదురు తడకల వెనక ఇసుక ఆగి, నీళ్లు మాత్రం వడగట్టుకుపోయేవి. ఆ ఇసుక కోసం కంపెనీ మా వాగు ఒడ్డుకు వచ్చింది. షెడ్డు వేశారు, నాలుక మొదట్లోంచి లారీలకు దారి వేశారు, చుట్టుపక్కల మగవాళ్లందరికీ పని దొరికింది, నాకూ దొరికింది. అక్కే పొమ్మంది. తట్టలతో లారీ నింపడం, రాత్రి ఒళ్లు నొప్పులతో పడుకోవడం, పొద్దున సైరనుకు లేవడం, ఇరవై ఏళ్లకే నాకు అరవై వచ్చినట్లుండేది. ఆ అలుపు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మొదటి రెండు మూడేళ్లు వానాకాలంలో గంగ తెచ్చి పోసింది, ఎండాకాలంలో మేము ఎత్తుకుపోయాం, సరిపోయింది. ఆ తరువాత తీసేది ఎక్కువై వచ్చేది తక్కువైంది. ఒక ఎండాకాలం వచ్చేసరికి షెడ్డు చుట్టూ బురద తేలి, మంచి ఇసుక కొన మీద మాత్రమే మిగిలింది, అక్క తోట తొక్కితే గాని అక్కడికి లారీ పోదు. మిగతా తోటలవాళ్లు అప్పటికే కూలి పనుల్లో చేరిపోయారు. అక్క ఒక్కతే నాటింది. ఇసుక పని చూసే సూపర్‌వైజరు పక్క ఊరివాడే, మెత్తని మనిషి, వచ్చి నిలబడ్డాడు గాని గట్టిగా చెప్పలేకపోయాడు.

“కాయ పండినంక తీస్కపోండ్రి సారు. ఇసుక ఏడికి పోతది?” అంది అక్క.

ఆయన సరే అన్నాడు. లారీలు తగ్గాయి. మాకు కాస్త ఒళ్లు తెరిపిన పడింది, నిజం చెప్పాలంటే మేమంతా సంతోషించాం. కాని కింద బొగ్గు తీయడం మాత్రం ఎవరూ ఆపలేదు.

కాయలు ఇంకా పిడికిలంత ఉన్నప్పుడు ఒకరోజు బావ ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే గడపలో కూర్చున్నాడు. అక్క పళ్లెం పెట్టింది, ముట్టలేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు.

“రూఫు మాట్లాడుతాంది. యాడ కొట్టినా డొల్లనే.”

“ఇసుక పోస్తలేరా?”

“వస్తే గద పోసేది.”

తోట పేరు ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడమే మా అక్కకు తగిలిందని నాకనిపించింది. కాయ మీద కొట్టినట్లు వేలితో నేల మీద రెండుసార్లు కొట్టింది, తనకు తెలియకుండానే కొట్టింది.

తెల్లవారి నేను డ్యూటీకి పోయేసరికి అక్క నాకన్నా ముందే కొన మీద ఉంది. తీగలు పట్టి లాగుతోంది. ఎవరూ పీకమనలేదు, సూపర్‌వైజరు ఇంకా రానే లేదు. నేను తట్ట పడేసి పరుగెత్తాను. ఇంకొన్నాళ్లు ఆగుదాం, నేను మాట్లాడతానంటే నా వైపు చూడలేదు.

“కాయ మళ్ల ఏడు కాస్తది. నువ్వు గా పక్కన పట్టు.”

పట్టాను. ఇద్దరం కలిసి పొద్దెక్కేసరికి మొత్తం పీకేశాం. పచ్చి కాయలు పశువులకు వేద్దామంటే వద్దంది. కొంగు నడుముకు దోపి, తట్టలకు తట్టలు మోసి అన్నీ నీళ్లలోకి వదిలింది. ఏటా ఒక్క కాయ పోయే దారిలో ఆ ఏడు తోటంతా పోయింది. పసుపు లేదు. ఆకుపచ్చ కాయలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మలుపు తిరిగిపోయేదాకా నిలబడి చూసి, ఇంక లారీలను రమ్మని నాతో చెప్పి ఇంటికి పోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం నుంచే లారీలు తిరిగాయి. మేము రెండు షిఫ్టులు వరసగా చేసి ఇసుక ఎత్తాం, ఎవరూ గొణగలేదు, కింద అందరి ఇళ్లవాళ్లూ ఉన్నారు. రూఫు నిలబడింది. తడకల దాకా ఇసుక నిండిందని బావ చెప్పిన రోజు అక్క రెండు పూటలకూ ఒకేసారి వండింది, అన్నాళ్లూ బావ ఇంటికి తిరిగి వచ్చాకే రెండో పూటకు పొయ్యి వెలిగించేది.

కొన్ని వారాల తరువాత బావ టిఫిను గిన్నెలో తడిగుడ్డ చుట్టి ఒకటి తెచ్చాడు. తడక పక్కన ఇసుకలో మొలిచిందట. కాడ తెల్లగా, దారంలా పొడుగ్గా ఉంది, పసుపుపచ్చని రెండు చిన్న ఆకుల కొసన పుచ్చగింజ తొక్క ఇంకా అంటుకునే ఉంది. పోయిన ఏళ్లలో రాలిన గింజ ఏదో జల్లెడ దాటి, పైపులో కొట్టుకుపోయి, అంత కింద, ఆ తేమకు ఆ వేడికి మొలకెత్తింది. అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుగులోకి తెచ్చింది.

“గంత చీకట్ల ఏం జూసి మొలిచినవే,” అంది.

నల్లా పక్కన పాత డబ్బాలో నాటింది. ఎండ తగలకుండా గోనె కప్పింది. కాని పాపం ఆ మొక్క వెలుగును ఓర్వలేక వాడిపోయింది. డబ్బా మాత్రం చాలా ఏళ్లు అక్కడే ఉంది, అందులో తరువాత కొత్తిమీర వేశారు.

మళ్లీ ఏడు కాస్తదన్న మాట నిజం కాలేదు. ఆ వానాకాలం గంగ నాలుకను సగమే తిరిగి ఇచ్చింది, మరుసటి ఏడు అదీ లేదు. తెల్లపిట్టలు రెండు ఎండాకాలాలు వచ్చి, నీళ్ల మీద తిరిగి తిరిగి దిగడానికి చోటు లేక వెళ్లిపోయాయి, ఆ తరువాత రాలేదు. తాబేళ్లు ఎప్పుడు పోయాయో ఎవరమూ గమనించలేదు. బెస్తవాళ్లు గనుల్లో చేరారు. బావ ఒంటికి దెబ్బ తగలకుండా రిటైరై, ఇంట్లో మంచం మీదే పోయాడు, మా గనుల్లో అది చిన్న భాగ్యం కాదు. అక్క ఆ తరువాత ఎక్కువ రోజులు లేదు. బజారులో పుచ్చకాయలు ఎంత చవకగా ఉన్నా ఆమె ఎన్నడూ కొట్టి చూడలేదు, వాళ్లు ఇచ్చింది తెచ్చుకునేది.

బోరు బండి వెళ్లిపోయాక పక్కింటాయన దిగులుగా వచ్చాడు. కింద గుల్లగా ఉందేమో, ఇల్లు కట్టొచ్చా లేదా అని. అది ఇంజనీరు చెప్పాల్సిన మాట అన్నాను. మా ఇళ్ల కింద ఉన్నది ఆ పాత గనేననీ, బొగ్గు తీసిన చోట ఇసుక గట్టిగా నింపారనీ, నింపినవాళ్లలో నేనూ ఉన్నాననీ మాత్రం చెప్పాను. ఆయన వయసు నలభై, గంగనాలుక అంటే ఏమిటని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను గాని మధ్యలోనే అలసట వచ్చింది, రేపు చెబుతానన్నాను. మా తరం అలవాటు ఇదే అయిపోయింది. ఏటిని ఊరి కిందికి మోసినవాళ్లం, ఆ సంగతి పక్కింటికి చేరవేసే ఓపిక లేకపోయింది.

ఆయన పోయాక కుర్చీలోంచి వంగి, ఎవరూ చూడడం లేదు కదా అనుకుని, గేటు ముందు నేల మీద వేలితో కొట్టాను. ఖంగుమన్నట్లే అనిపించింది. బావ ఉంటే ఫికర్ లేదు పడుకో అనేవాడు. అక్క ఉంటే ఇంకా పండలేదు, ఆగుమనేది.