బోర్డరు గీసిన పసుపు గీత

మా చొక్కాల ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ని అందరం బోర్డరు అనేవాళ్లం. గేటు ముందు రేకుల షెడ్డు, షెడ్డు ముందు కాస్త ఖాళీ స్థలం, ఆ చివర రోడ్డు. రోడ్డుకీ కంపెనీ స్థలానికీ మధ్య ఒక పసుపు గీత. యూనియన్ వాళ్లు ఆ గీత దాటకూడదని మేనేజరు ఆజ్ఞ. బయటివాళ్లు కంపెనీ స్థలంలో నిలబడి మమ్మల్ని సంఘంలో చేరమని అడగకూడదట, చట్టం కూడా అదే అంటుందట. రోడ్డు మాత్రం ఎవడబ్బ సొత్తూ కాదు కనుక అక్కడ ఎంతసేపైనా గొంతు చించుకోవచ్చు.

రోజూ అలా గొంతు చించుకునే మనిషి బోర్డరుకి సొంత అక్క. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఇంట్లో "అక్కా, ఇంకాస్త కూర వెయ్యి" అనేవాడు గేటు దగ్గరికొచ్చేసరికి, "మేడం, కాలు గీత మీద పడుతోంది, వెనక్కి జరగండి" అనేవాడు.

"ఒరేయ్, పొద్దున నీకు క్యారేజీ కట్టింది ఈ మేడమేరా!"

"అది ఇంటి సంగతి మేడం."

నవ్వేవాడు కాదు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండేవాడు.

ఏటా వానలు వెలిశాక గీతకి కొత్తగా రంగు వేసేవాడు. రోడ్డు పక్క గుంటలో నీళ్లు నిలిచి నేల ఆరేది కాదు. తడి మీద రంగు నిలవదు కనుక, పాత గీతకి కాస్త లోపలగా పొడిచోట గీసేవాడు. మరుసటి ఏడు గుంట ఇంకాస్త పెరిగేది, గీత ఇంకాస్త లోపలికొచ్చేది. ఎవరూ పట్టించుకోలేదు. అంత గట్టిగా కాసేవాడుండగా గీత నడుస్తుందని ఎవరనుకుంటారు?

నడిచి నడిచి అది షెడ్డులోకొచ్చింది. సంచుల తనిఖీ కోసం మేమంతా వరసలో నిలబడేది అక్కడే. ఇదివరకు రోడ్డు మీద స్కూటర్ల మధ్య సంఘం కాగితం అందుకునే తీరిక ఎవరికుంది? ఇప్పుడు అక్కగారు మా పక్కనే నీడలో నిలబడి ఓవర్‌టైము సంగతులు తాపీగా చెప్పేది. గీతకి బయటే. బొటనవేలు కూడా దాటనిచ్చేవాడు కాదు తమ్ముడు. గుండీలు కుట్టే మా సెక్షనంతా సంఘంలో చేరిపోయాం.

మేనేజరు అప్పుడు మేలుకున్నాడు. యూనియన్ మనిషి గీత దాటి చొరబడిందని లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. సాక్షి బోర్డరు. "దాటిందని ఒక్క మాట చెప్పు, చాలు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు" అని ముందే చెప్పి మరీ తీసుకొచ్చాడు. అక్క ఏమీ అడగలేదు. సంఘం తరఫున నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. వాడి ఉద్యోగం పోతుందని భయం. వాడు అబద్ధమాడితే మా షెడ్డు పోతుందని అంతకన్నా భయం.

"ఈవిడ గీత దాటిందా?" అనడిగాడు ఆఫీసరు.

బోర్డరు మొహం కందగడ్డయింది. "నేను డ్యూటీలో ఉండగానా? ఎలా దాటుతుందండీ!"

"అసలు గీతే తప్పుచోట ఉంది సార్" అన్నాడు మేనేజరు.

"గీసిందెవరు?"

"నేనేనండి. రంగు కంపెనీదే. తడి తప్పించి గీశాను."

ఆఫీసరు కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ హద్దని మీరే చూపించి, ఆవిడ దాని బయట ఉంటే చొరబడిందంటే ఎలాగయ్యా అని ఫిర్యాదు కొట్టేశాడు. షెడ్డు మాకు మిగిలింది. బోర్డరుకి ఉద్యోగం మిగల్లేదు. పైగా అక్క కోసమే గీత జరిపాడని ఫ్యాక్టరీలో సగంమంది మెచ్చుకుంటుంటే వాడికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు, గొడుగు మరిచిపోయానంటూ వచ్చాడు. కొత్త వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి, "గీత వెనక నిలబడండి" అన్నాడు. బోర్డరు కాళ్లకేసి చూసుకుని ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు చూసి నాకు ఏడుపొచ్చింది. అక్కగారు పక్కకి జరిగి చోటిచ్చింది.

వాడు ఆవిడ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఆ కాగితం నాక్కూడా ఒకటివ్వు" అన్నాడు.

గేటు దగ్గర వాడు ఆవిణ్ని అలా పిలవడం మేమెవరమూ అంతకుముందు వినలేదు.