తర్వాత వచ్చింది తప్పుకోవాలి

మా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చున్న ఆయన్ని నర్సులు చాటుగా కత్తెర అంటారు. పక్క కుర్చీ నాది. ఆయనతో కబుర్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. పెళ్లెందుకు చేసుకోలేదని ఒకసారి అడిగితే, "ఎవరూ ముందు అడగలేదు, నేనూ అడగలేదు" అని మళ్లీ తెర వైపు తిరిగారు.

చిక్కులు తెంచడం ఆయన పని. ఒక రోగి కోసం ఆపరేషన్ గది పట్టుకున్న ప్రోగ్రామ్, మంచం కోసం ఆగుతుంది. ఆ మంచం పట్టుకున్న ఇంకో ప్రోగ్రామ్, ఆ గది కోసమే ఆగుతుంది. పట్టుకున్నది ఏదీ వదలదు. రెండూ ఉలకవు, పలకవు. వెనకాల వరుసంతా నిలిచిపోతుంది. అప్పుడు ఒకదాన్ని రద్దు చేయాలి. రద్దయినది మళ్లీ వరుస చివరికి పోతుంది. ఏది పోవాలో ఆయనే ఏనాడో రాసి తెర అంచుకు అంటించారు: తర్వాత వచ్చింది తప్పుకోవాలి.

"మొహమాటానికి పోతే మిగతావాళ్లు చస్తారు" అనేవారు.

ఆ మంగళవారం ఉదయం వాళ్లక్కని చేర్చారు. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. కాలికి చీము పట్టింది. ఆ రోజే ఆపరేషన్ చేస్తే కాలు దక్కుతుందన్నాడు డాక్టరు. ఆయన అక్క పేషెంటు నంబరు చీటీ మీద రాసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని పనిలో కూర్చున్నారు.

పదకొండింటికి తెర బిగుసుకుపోయింది. రెండు నంబర్లు. తర్వాత వచ్చింది ఆవిడది. మూడు నిమిషాల తేడా.

"మూడు నిమిషాలేగా సార్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆయన చీటీ తీసి చూసుకున్నారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. బటన్ నొక్కారు. వరుస కదిలింది. తర్వాత టీ తాగారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మొహంలో మాత్రం ఏమీ లేదు.

ఆవిడ వంతు గురువారానికి వచ్చింది. మోకాలి దాకా తీసేశారు.

ఇంటికి పంపిన రోజు చక్రాల కుర్చీలో మా గదికి వచ్చి, తమ్ముడు పనిచేసే చోటంతా కలయజూసింది ఆవిడ.

"ఏరా, ఆ రోజు నాకంటే ముందు వెళ్లిందెవర్రా? బాగున్నారా?"

"తెలీదక్కా. మాకు పేర్లు కనిపించవు. అంకెలే."

"అంతేలే. నాదని తెలిస్తే ఊరుకునేవాడివా?" అంటూ ఆయన తల నిమిరింది.

ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ఊరుకునేవాణ్ణి కాదక్కా" అన్నారు.